కిస్తీ కోసం గడప తొక్కొద్దన్న చట్టం ఏమైంది?

2023 ఫిబ్రవరిల తెలంగాణ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎన్నికల ముచ్చట కాదు, సినిమా ముచ్చట కాదు గనుక మన ఫోన్లల్ల అది పెద్దగ తిరగలే. గాని మైక్రో ఫైనాన్స్ కంపెనీలను కట్టడి చేసెతందుకు పన్నెండేండ్ల కింద వచ్చిన ఒక చట్టం, ఆ ఒక్క తీర్పుతోని పెద్ద కంపెనీల మీద పనిచెయ్యకుంట పోయింది. అప్పటిసంది అవి తెలంగాణ, ఆంధ్ర ఊర్లల్లకు మళ్లా తొవ్వ పట్టినయి. మీ అమ్మనో, చిన్నమ్మనో, పక్కింటి అక్కనో ఈపాటికే ఒక గ్రూపుల దస్తఖత్ పెట్టి ఉండొచ్చు. అందుకే ఈ చట్టం ఎట్ల పుట్టింది, ఏం చేసింది, ఎట్ల పడిపోయింది అన్నది ఇప్పుడు చెప్పుకోవాల్సిన ముచ్చట.

చట్టాల గురించి మన దిక్కు రెండు మాటలే వినబడుతయి. చట్టం తెస్తే బాధ పోతదని కొందరు, చట్టం గిట్టం అంత ఉత్తదే అని కొందరు. రెండూ తప్పించుకునే మాటలే. ఒక చట్టం ఏ బాధను చూసి పుట్టింది, అండ్ల ఎంత భాగం దాని కంటికి ఆనింది, ఎంత ఆనలే అని చూస్తేగాని అసలు సంగతి తెల్వదు.

ముందుగాల అప్పు లెక్క చూద్దాం. పది వేల అప్పు, యాభై వారాలు, వారానికి 230 రూపాయల కిస్తీ అనుకుందాం. మొత్తం కట్టేది 11,500. సారు వచ్చి "పదిహేను శాతమే" అంటడు. మన భాషల నూటికి రూపాయి పావలా. ఊర్ల షావుకారి మూడు రూపాయలు, ఐదు రూపాయలు గుంజుతుంటే ఇది చవకే అనిపిస్తది. గాని ఆ పది వేలు ఏడాదంత మన చేతుల ఉండవు గద. మొదటి వారంనుంచే వాపస్ పోతనే ఉంటయి, ఆరు నెలలు తిరిగేసరికి దగ్గర దగ్గర సగం కట్టేసినట్టే. చేతుల మిగిలిన పైసలకే మిత్తి లెక్కగడితే ఏడాదికి 29 శాతం చిల్లర పడుతది. అంటే నూటికి నెలకు రెండున్నరకు జెర తక్కువ. అప్పుడు సుత షావుకారి కన్నా తక్కువనే, అది ఒప్పుకోవాలె. ఆడోళ్లు ఈ అప్పుల కోసం లైన్ కట్టింది తెలివి లేక కాదు. బ్యాంకు గడప ఎక్కనియ్యలే, షావుకారి గడప కాలుతుండె. నడుమ ఇదొకటి దొరికింది.

ఆస్తి కాయిదాలు అడగకుంట, జీతం స్లిప్పు అడగకుంట కంపెనీ ఎట్ల ఇచ్చింది? జమానతు కింద పక్కామెను పెట్టుకొని ఇచ్చింది. ఐదుగురో పదిమందో ఒక గ్రూపు. ఒకామె కట్టకపోతే మిగిలినోళ్లు కట్టాలె, లేకుంటే ఎవ్వరికీ కొత్త అప్పు రాదు. పొద్దుగాల సెంటర్ మీటింగుల కిస్తీ పైసలు పూర్తిగ జమ అయ్యేదాంక ఎవ్వరూ లేచేది లేదు. ఈ ముచ్చట యాదిల పెట్టుకోండ్రి, చట్టం జారిపోయింది ఈడనే.

2000 తర్వాత ఈ కంపెనీలు చానా తొందరగ పెరిగినయి. పెద్ద కంపెనీలల్ల కొన్నిటికి హైదరాబాదే కేంద్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పుడు దేశం మొత్తంల మైక్రో అప్పులకు అడ్డ. సర్కారు తోడుగ నడిచే పొదుపు సంఘాలు సుత ఈడనే బలంగ ఉండె, వాటికి బ్యాంకు లింకేజీ ఉండె, పావలా వడ్డీ పథకం ఉండె. ఒకే ఆడమనిషి సంఘంలున్నది, ఒక కంపెనీ గ్రూపులున్నది, ఇంకో కంపెనీ గ్రూపులున్నది. ఈ కిస్తీ కట్టెతందుకు ఆడ అప్పు, ఆ కిస్తీ కట్టెతందుకు ఇంకోకాడ అప్పు. ఎవరి దగ్గర ఎంత బాకీ ఉన్నదో చెప్పే లెక్క ఒక్కతాన లేకుండె.

మొదటి హెచ్చరిక 2006లనే వచ్చింది. కృష్ణా జిల్లాల వసూళ్ల జులుం మీద ఫిర్యాదులు వస్తే జిల్లా అధికారులు యాభై దాంక బ్రాంచీలకు తాళం పెట్టిన్రు. కంపెనీలు పద్ధతిగ ఉంటమని మాటిచ్చినయి, తాళాలు తీసిన్రు. నాలుగేండ్లకు, 2010 ఆగస్టుల, ఎస్‌కేఎస్ కంపెనీ షేర్ మార్కెట్ ఎక్కింది. షేరు 985 రూపాయలకు పెడితే జనం ఎగబడి కొన్నరు, 1,600 కోట్లకు పైన జమ అయినయి. గదే కాలంల జిల్లాల నుంచి కిస్తీలు కట్టలేక ఆడోళ్లు ప్రాణాలు తీసుకున్న వార్తలు వరుసగ వస్తుండె. రెండు ముచ్చట్లు ఒకే పేపర్ల పక్కపక్కన అచ్చైనంక ఏ సర్కారు ఊకుంటది? 2010 అక్టోబరుల రోశయ్య సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది, మరుసటి ఏడు మొదట్ల అది చట్టమైంది.

అండ్ల ఏమున్నది? ప్రతి జిల్లాల కంపెనీ రిజిస్టర్ చేసుకోవాలె. కిస్తీ కోసం ఇంటికి పోవద్దు, గ్రామ పంచాయతి ఆఫీసు అసొంటి నలుగురు మసిలే జాగలనే వసూలు చేయాలె. వారం వారం గాకుంట నెల కిస్తీలు పెట్టాలె. మిత్తి ఎంతో అందరికి కనబడేటట్టు బోర్డు మీద రాయాలె. మొత్తం మిత్తి అసలును దాటొద్దు. ఇది మన దగ్గర పాత కాలం నుంచి ఉన్న దామదుపట్ పద్ధతే, కొత్తదేం కాదు. సంఘంల బ్యాంకు అప్పు ఉన్న మనిషికి ఇంకో అప్పు ఇయ్యాలంటే ముందుగాల అధికారి రాతపూర్వకంగ ఒప్పుకోవాలె. జబర్దస్తీ చేస్తే జైలు.

చట్టం వచ్చిన కొన్ని వారాలల్లనే వసూళ్లు కూలిపోయినయి. అంతకుముందు నూటికి తొంభై తొమ్మిది కట్టేటోళ్లు, తర్వాత నూటికి పది, ఇరవై దగ్గర పడ్డది. కొందరు లీడర్లు ఊర్లు తిరిగి "కట్టకుండ్రి" అని సుత చెప్పిన్రు. గడప మీద కూసునుడు బందైంది. ఇది చిన్న సంగతి కాదు. ఎన్నో ఇండ్లల్ల ఆ చలికాలం నిద్ర పట్టింది అంటే ఈ చట్టం పుణ్యమే.

అమెరికాల రాస్కో పౌండ్ అనే న్యాయ పండితుడు 1910ల ఒక వ్యాసం రాసిండు. పుస్తకంల ఉన్న చట్టం వేరు, నడిచే చట్టం వేరు, ఈ రెండింటి నడుమ సందు ఎంతున్నదో కొలవాలె అని దాని సారం. ఆ తర్వాత చట్టాలను సమాజంతోని కలిపి చదివేటోళ్లు అందరు ఈ సందు చుట్టే తిరిగిన్రు. మన చట్టం పుస్తకంల "అప్పులను నియంత్రించాలె" అన్నది. నడిచినప్పుడు అప్పులనే ఆపింది. రాసిన మాటకూ జరిగిన పనికీ నడుమ ఇంత తేడా ఎందుకొచ్చింది?

ఒక కారణం, రిజిస్ట్రేషన్ చేసే అధికారి. జిల్లాల డీఆర్‌డీఏ పీడీకే ఆ పని అప్పజెప్పిన్రు. పొదుపు సంఘాలను నడిపించి, వాటికి బ్యాంకు అప్పులు ఇప్పించేది కూడ గాయ్‌నే. అంటే కబడ్డీల ఒక జట్టు కోచునే తీసుకపోయి రెండు జట్లకు రెఫరీని చేసినట్టు. ఆ అధికారి ఎంత నిజాయితీ మనిషైనా సరే, ఆ కుర్చీనే అట్ల తయారు చేసిన్రు.

ఇంకో కారణం నాకు అంతకన్నా పెద్దగ కనబడుతది. చట్టం ఇద్దరినే చూసింది: ఒక దిక్కు కంపెనీ, ఒక దిక్కు అప్పు తీసుకున్న ఆడమనిషి. గాని అప్పు నడిచింది ఇద్దరి నడుమ కాదు. లక్ష్మి కట్టకపోతే ఫీల్డాఫీసరు లక్ష్మిని ఏమనేది లేదు, గ్రూపుల మిగిలిన నలుగురిని కూసోబెట్టి "మీరే చూస్కోండ్రి" అంటడు. ఆ నలుగురు పోయి లక్ష్మి ఇంటి ముంగట నిలబడుతరు. ఒర్రేది కంపెనీ మనిషి కాదు, చిన్నప్పటిసంది తెలిసిన పక్కింటి వదిన. ఏ సెక్షన్ కింద కేసు పెడ్తరు? వదిన మీద ఎవరు పెడ్తరు? చట్టం కంపెనీ మనిషి గడప తొక్కొద్దన్నది. ఆయన అంతకుముందు సుత అన్నిసార్లు తొక్కలే, తొక్కిచ్చిండు. పక్కామె జమానతు అన్న పద్ధతిని 2010 చట్టం ముట్టుకోలే, ఆ తర్వాత వచ్చిన రూల్స్ సుత ముట్టుకోలే.

చట్టం ఒక తొవ్వ మూస్తే అప్పు ఇంకో తొవ్వ పట్టుడు మనకు కొత్త కాదు. 1875ల పూణె, అహ్మద్‌నగర్ దిక్కు రైతులు షావుకార్ల మీదికి లేచి అప్పు కాయిదాలు గుంజి కాలబెట్టిన్రు. ఇంగ్లీషోళ్లు 1879ల దక్కన్ రైతుల ఉపశమన చట్టం తెచ్చిన్రు. భూమి తాకట్టు పెట్టిన కేసుల కోర్టు పాత లెక్కలు తిరగదోడొచ్చు అన్నరు. షావుకార్లు ఏం చేసిన్రు? తాకట్టు అని రాసుడు బంద్ పెట్టి అమ్మకం కాయిదం రాయించుకున్నరు. అప్పు గదే, పేరు మారింది. ఆఖరికి 1907ల, అమ్మకం అని రాసున్నా అది నిజంగ తాకట్టే అని నోటిమాటతోని రుజువు చేసుకోవచ్చని చట్టం మార్చాల్సి వచ్చింది. ముప్పై ఏండ్లు పట్టింది ఆ ఒక్క సందు మూసెతందుకు.

2010 తర్వాత కిస్తీ బాధ ఆగింది గని అప్పు అవసరం ఆగలే. దవాఖాన బిల్లు ఆగలే, బోరు ఎండుడు ఆగలే, పిల్లల ఫీజు ఆగలే. సర్కారు 2011ల స్త్రీనిధి పెట్టింది, అది కొంత ఆదుకున్నది. మిగిలినోళ్లు మళ్లా షావుకారి తానికే. ఇటు కట్టనోళ్ల పేర్లు క్రెడిట్ రికార్డులల్లకు ఎక్కినయి. మా ఊర్ల అందరం బందు పెట్టినం అనుకున్న లక్షల మంది ఆడోళ్లు, కంప్యూటర్ల మాత్రం ఒక్కొక్కరుగ ఎగవేతదారులైన్రు.

ఈ గోస మన రాష్ట్రం దగ్గరనే ఆగలే. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని మీద చేసిన పరిశోధన 2021ల అచ్చైంది. మన దగ్గర పైసలు మునిగిన కంపెనీలు మిగిలిన రాష్ట్రాలల్ల సుత అప్పులు ఇయ్యలేకపోయినయి. అసొంటి జిల్లాలల్ల కూలి రేటు తగ్గింది, ఇండ్లల్ల ఖర్చు తగ్గింది. అప్పు తీసుకోని కూలి మనిషికి సుత దెబ్బ తగిలింది, పని ఇచ్చేటోళ్ల చేతుల పైసలు లేకపోవుడే కారణం. అట్లని మైక్రో అప్పు అమృతం అని కాదు. హైదరాబాదు బస్తీలల్లనే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 104 బస్తీలను తీసుకొని చూసింది. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నోళ్లు జెర పెట్టుబడి పెంచుకున్నరు గని, పిల్లల చదువుల, ఆరోగ్యంల, ఇంట్ల ఆడోళ్ల మాట చెల్లుబాటుల పెద్ద మార్పు కనబడలే. అంటే అప్పు ఇస్తే బతుకు మారుతదన్న కంపెనీల మాట తప్పైంది, అప్పు ఆపితే బతుకు బాగుపడుతదన్న లీడర్ల మాట సుత తప్పైంది.

ఇగ కోర్టు ముచ్చట. మన రాజ్యాంగంల ఏ సంగతి మీద ఎవరు చట్టం చేయాలె అన్నది ఏడో షెడ్యూల్ల రాసున్నది. మిత్తి వ్యాపారం, రైతుల అప్పుల ఉపశమనం రాష్ట్రాల జాబితాల ఉన్నది. బ్యాంకింగు, రిజర్వ్ బ్యాంకు కేంద్రం జాబితాల ఉన్నది. మరి రిజర్వ్ బ్యాంకు కాడ రిజిస్టర్ అయిన కంపెనీ ఊర్ల అప్పులిస్తే అది ఏ జాబితల పడుతది? మిత్తి వ్యాపారమే గనుక మా అధికారం అని రాష్ట్రాలు అంటయి. ఆర్‌బీఐ చూసుకుంటది, మీకు పనిలేదని కంపెనీలు అంటయి. కేరళ, గుజరాత్ చట్టాల మీద నడిచిన నెడుంపిల్లి ఫైనాన్స్ కేసుల 2022 మేల సుప్రీంకోర్టు కంపెనీల దిక్కు తీర్పు చెప్పింది. ఆర్‌బీఐ చట్టమే వాటి పుట్టుక నుంచి మూతపడే దాంక అన్నీ చూస్తది, రాష్ట్రాల మిత్తి వ్యాపార చట్టాలు వాటి మీద చెల్లవు అన్నది. గదే దారిల 2023ల మన హైకోర్టు నడిచింది.

మార్క్ గ్యాలంటర్ అని ఒక పండితుడున్నడు, మన రిజర్వేషన్ల చట్టాల మీద సుత పెద్ద పుస్తకం రాసిండు. ఆయన 1974ల ఒక మాట ముందల పెట్టిండు. కోర్టుకు మళ్లా మళ్లా వచ్చేటోళ్లు, జిందగిల ఒక్కసారి వచ్చేటోళ్లు ఒకే తీరు కొట్లాడలేరు. మళ్లా మళ్లా వచ్చేటోడు ఇయ్యాల కేసు ఓడినా పర్వాలేదనుకుంటడు, పదేండ్ల తర్వాత రూలు మారితే చాలు ఆయనకు. పైసలుంటయి, ఓపిక ఉంటది. ఈ కేసు చూస్తే గది అర్థమైతది. 2010ల ఒక్క దెబ్బకు చిత్తైన కంపెనీలు పన్నెండేండ్లు ఆగినయి. ఆ చట్టం ఎవరి కోసమొచ్చిందో ఆ ఆడోళ్లు ఈ కేసుల ఎక్కడా పార్టీ కాదు. తీర్పు వచ్చినట్టు వాళ్లల్ల ఎందరికి తెలుసో చెప్పుండ్రి.

రాష్ట్రం చేతులకెల్లి ఎట్ల జారిందో చూడాలంటే పక్కనున్న కర్ణాటకను చూడొచ్చు. 2025 ఫిబ్రవరిల ఆడ సుత గదే తీరు గోసల నడుమ ఆర్డినెన్స్ తెచ్చిన్రు. జబర్దస్తీ వసూలుకు పదేండ్ల దాంక జైలు, ఐదు లక్షల దాంక జుర్మానా. శిక్ష మన పాత చట్టం కన్నా మస్తు గట్టిది. గాని ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలను దాని నుంచి బయట పెట్టిన్రు. సుప్రీంకోర్టు తీర్పు ఉన్నంక వేరే తొవ్వ ఉండదు గద. కత్తి పెద్దగైంది, అందేది తక్కువైంది.

2010 చట్టం పూర్తిగ వట్టిపోయింది అని మాత్రం నేననను. ఆ దెబ్బ తోనే ఆర్‌బీఐ కదిలింది. మాలెగాం కమిటీ వేసింది, 2011 డిసెంబరుల మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు వేరే రూల్స్ తెచ్చింది, మిత్తికి 26 శాతం హద్దు పెట్టింది. 2022 మార్చిల కొత్త రూల్స్ తోని ఆ హద్దు తీసేసింది, ఎవరి మిత్తి వాళ్లు పెట్టుకోవచ్చు గని దోపిడి ఉండొద్దు అన్నది. ఆ మాటకు అంకె లేదు. నాకు నచ్చనిది గదొక్కటి.

మిగిలిన రూల్స్ మాత్రం పనికొచ్చేవే. ఇంట్ల మీరే ఎక్కువ చదువుకున్నోళ్లు గనుక, అమ్మ కాడ ఉన్న లోన్ కార్డు మీరే చూడాలె. ఏడాదికి మూడు లక్షల దాంక ఆదాయం ఉన్న ఇంటికి జమానతు ఆస్తి లేకుంట ఇచ్చే అప్పే మైక్రో అప్పు. ఆ ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంల సగం దాటొద్దు. నాయిన బండి కిస్తీ, ఫోన్ కిస్తీ సుత అండ్ల లెక్కకొస్తయి. నెలకు ఇరవై వేలు వచ్చే ఇంటికి అన్ని కిస్తీలు కలిపి పది వేలే. మరి కార్డు వెనుక ఫైల్ల మీ ఇంటి ఆదాయం ఎంతని రాసున్నది, ఎవరు చెప్తే రాసిన్రు? అది అడగండ్రి. కార్డు మన భాషల ఉండాలె. అసలు మిత్తి ఎంత, ఫీజులెంత అని ఒక పేజీల విడిగ రాసియ్యాలె. ముందుగాల కట్టేస్తే జుర్మానా లేదు. ఆలస్యమైతే జుర్మానా ఆగిన కిస్తీ మీదనే, మొత్తం అప్పు మీద కాదు.

వసూలు జాగ ఇద్దరు కలిసి అనుకున్నది ఉండాలె. వరుసగ రెండుసార్లు ఆడికి రాకపోతేనే ఇంటికో పనికాడికో రావచ్చు. పొద్దుగాల తొమ్మిది కన్నా ముందు, సాయంత్రం ఆరు దాటినంక ఫోన్ చెయ్యొద్దు. పేరు బయట పెట్టొద్దు, తిట్టొద్దు, బెదిరియ్యొద్దు. ఇంకోటి సుత ఉన్నది: అప్పు తీసుకున్నామె చుట్టాలను, స్నేహితులను, తోటి పనోళ్లను సతాయించొద్దు. గ్రూపుల నలుగురిని మీటింగుల ఆపి, ఐదో ఆమె పైసలు వచ్చేదాంక లేవనియ్యకపోతే, ఈ మాట కింద ఫిర్యాదు చెయ్యొచ్చు అన్నది నా వాదన. జమానతు పద్ధతికి ఇప్పుడున్న రూల్స్‌ల దొరికే కొస అదొక్కటే.

ఫిర్యాదు ముందుగాల కంపెనీకే రాతపూర్వకంగ ఇయ్యాలె, ఇచ్చిన తారీఖు రుజువు దగ్గర పెట్టుకోవాలె. నెల రోజులల్ల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ కాడికి పోవచ్చు, దానికి పైసలు తీసుకోరు. 14448 నంబరుకు కొడితే ఎట్ల చేయాలెనో తెలుగుల చెప్తరు. గాని ఆ ఫిర్యాదు కంపెనీ మీదనే నడుస్తది. కంపెనీ మనిషి నోరు తెరవకుంటనే, గ్రూపుల వదిననే సొంతంగ వచ్చి గడప మీద కూసుంటే, దానికి ఇప్పటిదాంక ఏ చట్టంల పేరు సుత పెట్టలే.